బ్రేకమ్మ కారు ఆయిలు

ఆ పేటలో నలభై దాటాక కారు నేర్చుకున్న ఆడవాళ్ళలో చాలామంది ఆమె దగ్గరే నేర్చుకున్నారు. ఆమెకూ ఒక పేరుండేది గానీ ఎవరూ వాడేవారు కాదు. డ్రైవింగు నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారులో ఏది తొక్కాలో మర్చిపోతే పక్కనున్న మనిషి కారు ఆపడానికి. ఎప్పుడూ ఆ బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటుందని ఎవరో కొంటె శిష్యురాలు ఆమెకు బ్రేకమ్మ అని పేరు పెట్టింది. పెట్టిన మనిషి నేర్చుకుని వెళ్ళిపోయింది, పేరు మాత్రం ఉండిపోయింది. ఆమె దానికి నొచ్చుకోలేదు. కొత్తవాళ్ళు ఫోను చేసి "బ్రేకమ్మగారేనా అండీ" అని నసుగుతూ అడిగితే, "ఆ, నేనే" అనేది.

పొట్టి మనిషి. జుట్టు బిగించి ముడి వేసుకునేది, కాళ్ళకు పల్చటి అడుగున్న చెప్పులు. శిష్యురాలు ఎంత ఘోరమైన తప్పు చేసినా గొంతు పెంచేది కాదు. "మెల్లగా. మనల్నెవరూ తరమట్లేదు" అన్నది ఆమె ఊతపదం. గోడౌన్ల వెనక ఖాళీ రోడ్డు మీద మొదలుపెట్టి, మార్కెట్టు మలుపు దాకా తీసుకొచ్చి, చివరికి బైపాసు ఎక్కించేది. బైపాసు మీద మొదటి బ్రిడ్జి దగ్గర వెనక్కి తిప్పించేది. అక్కడితో నేర్పడం అయిపోయినట్టే.

ఆ పనిలో ఒక చిత్రం ఉంది. ఇద్దరు మనుషులు నెలల తరబడి భుజాలు రాసుకునేంత దగ్గరగా కూర్చుంటారు, కానీ ఇద్దరూ రోడ్డునే చూస్తుంటారు. ఒకరి మొహం ఒకరు చూసుకునే తీరిక ఉండదు. ఆమెకు శిష్యురాళ్ళ మొహాలు గుర్తుండేవి కావు, చేతులు గుర్తుండేవి. స్టీరింగును గొంతు పిసికినట్టు పట్టుకునే చేతులు, చెమట పట్టి మాటిమాటికీ చీరకు తుడుచుకునే చేతులు, హారను మీద బొటనవేలు ఆనించి మర్చిపోయే చేతులు. ఒకసారి కూరగాయల కొట్టులో వంకాయలు ఏరుతున్న చెయ్యి ఒకటి చూసి, కొస వంకరపోయిన చిటికెనవేలిని బట్టి, వెనక్కి తిప్పే దగ్గర ఏడ్చిన నర్సు ఈవిడేనని పోల్చుకుంది. పలకరిద్దామని నవ్వింది కూడా. నర్సు ఆమె మొహంలోకి నేరుగా చూసి, "కాస్త జరుగుతారా" అంది. ఆమె జరిగింది.

కారు బ్రేకమ్మ అక్కది. నిజం చెప్పాలంటే ఆ డ్రైవింగు బడి కూడా అక్కదే. అక్కకు చిన్నప్పటి నుంచీ ఎడమ కాలిలో బలం లేదు. క్లచ్చు తొక్కలేదు. అందుకని ఉద్యోగంలో ఉండగానే, గేర్లు తనంతట తనే మార్చుకునే కారు కొనుక్కుంది. అప్పట్లో పేట మొత్తానికీ అలాంటి కారు అదొక్కటే. కుంటివాళ్ళ కారు అని వెనకాల నవ్వినవాళ్ళే తర్వాత తమ ఆడవాళ్ళను వెంటబెట్టుకొచ్చి, ఇందులో అయితే తొందరగా వస్తుందట కదా, నేర్పించండి అని అడిగారు. అక్క వాళ్ళను గుమ్మంలో కాసేపు నిలబెట్టి, ఆ తర్వాతే ఒప్పుకునేది.

అక్క కాలు చూసి సంబంధాలవాళ్ళు వెళ్ళిపోయారు. అక్కను వదిలి ఎలా వెళ్తానని చెల్లెలు తన పెళ్ళి మాట సాగదీసింది. ఆమె అలా సాగదీస్తూ ఉండగానే అడిగేవాళ్ళు అడగడం మానేశారు. ఇద్దరూ మేడ మీద రెండు గదుల వాటాలో ఉండిపోయారు. ఫోన్లు మాట్లాడటం, ఎవరు ఏ పూట రావాలో చెప్పడం, టైర్లు, బ్యాటరీ, ఆయిళ్ళు, షెడ్డుకు తీసుకెళ్ళడం అంతా అక్క వంతు. చెల్లెలిది పక్క సీటు. అక్క ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో మాటకు కరువు లేదు. టీవీలో వార్తలు చదివే మనిషితో కూడా వాదన పెట్టుకునేది. చెల్లెలు వంటగదిలోంచి ఊ కొడితే చాలు.

అలాంటి అక్క ఒక చలికాలం జ్వరమని పడుకుంది. ఆయాసం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చాక డాక్టరు బయటికి వచ్చి, ఇక్కడే ఉంచమంటారా, పెద్దాసుపత్రికి మార్చమంటారా, మీ నిర్ణయం చెప్పండి అని ఆమెను అడిగాడు. "అక్కనడగండి" అంది. డాక్టరు ఆమె వంక వింతగా చూసి, లోపలికెళ్ళి నిజంగానే అడిగాడు. మొహం మీద మాస్కుతో ఉన్న అక్క, ఇక్కడే అని వేలితో మంచాన్ని చూపించింది. అక్కడే పోయింది. ఎక్కడున్నా జరిగేది అదేనని డాక్టర్లు తర్వాత చెప్పారు. ఆ మాట ఆమె నమ్మింది. కానీ తనను అడిగితే తను ఆ ప్రశ్నను మంచం మీదున్న మనిషి మీదికి తోసిన సంగతి అప్పుడప్పుడు పళ్ళు తోముకుంటుండగానో, బట్టలు ఆరేస్తుండగానో గుర్తొచ్చేది.

ఆ తర్వాత ఫోన్లు తనే ఎత్తుకుంది. బడి ఆగలేదు. పొద్దున ఇద్దరు, సాయంత్రం ఇద్దరు. అయితే పడుకునే ముందు ఒక్కోసారి లెక్క చూసుకుంటే, ఎడమకి, అద్దం చూడండి, మెల్లగా, అన్నవి తప్ప ఆ రోజంతా ఇంకో మాట మాట్లాడలేదని తెలిసేది. ఇంట్లో కూడా ఆ మాటలే వచ్చేవి. పాలగిన్నె పొంగబోతుంటే "బ్రేకు" అనేది పైకే. అని, ఎవరైనా విన్నారేమోనన్నట్టు వెనక్కి చూసేది.

కారుకు జబ్బు చేసింది ఆ రోజుల్లోనే. పొద్దున్నే, ఇంజను ఇంకా వేడెక్కకముందు, గేరు కర్రను డి అనే అక్షరం మీదికి లాగితే కారు వెంటనే కదిలేది కాదు. కాసేపు ఆలోచించినట్టు ఉండిపోయి, అప్పుడు ఎవరో వెనక నుంచి తన్నినట్టు ముందుకు ఎగిరేది. ఆ పూట నేర్చుకుంటున్నది బ్యాంకులో పనిచేసే ఒకావిడ. కారు ఎగిరిన ప్రతిసారీ సారీ మేడమ్, సారీ మేడమ్ అంటూ తల్లడిల్లిపోయేది. ఇది మీ తప్పు కాదు, కారుదే అని బ్రేకమ్మ చెప్పింది. బ్యాంకావిడ రెండు క్షణాలు నమ్మలేదు.

"తప్పు నాది కాదన్న మనిషిని ఇన్నేళ్ళలో మిమ్మల్నే చూశానండీ" అంది. "మా ఇంటికొచ్చి ఓసారి చెప్పి వెళ్ళండి."

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ కారు మరుసటి రోజూ ఎగిరింది, ఆ మరుసటి రోజు ఇంకాస్త గట్టిగా ఎగిరింది.

అక్క తీసుకెళ్ళే షెడ్డు మార్కెట్టు వెనక సందులో ఉంది. రేకుల కప్పు, నూనె తాగి తాగి నల్లబడిన నేల, ఒక మూల వాష్ బేసిను. షెడ్డాయన పెద్దవాడు, మాట తక్కువ మనిషి. ఇంజను నడుస్తుండగానే బానెట్టు ఎత్తి, గేరుబాక్సు ఆయిలు కొలిచే కడ్డీని బయటికి లాగి, తెల్ల గుడ్డ మీద తుడిచి ఆమె ముందు పెట్టాడు. కొత్తగా ఉన్నప్పుడు ఈ ఆయిలు దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుందని, ఇది చూడండని అన్నాడు. గుడ్డ మీద మాడిపోయిన టీ రంగు మరక ఉంది. వాసన చూడమని ముక్కు దగ్గర పెట్టాడు. కాలిన వాసన.

ఆయిలు చివరిసారి ఎప్పుడు మార్చారని అడిగాడు. ఆమెకు తెలియదు. ఆయనకూ తెలియదు. ఈ షెడ్డులో మార్చలేదని మాత్రం చెప్పగలనన్నాడు. అయితే అక్క ఇంకెక్కడైనా మార్పించిందో, అసలు మార్పించలేదో తెలిసిన మనిషి ఎవరూ లేరు.

అప్పుడాయన స్టూలు మీద కూర్చుని, ఉన్న దారులు ఆమెకు ఓపిగ్గా చెప్పాడు. ఒకటి, మిషను పెట్టడం. పైపులు తగిలించి, ఒక పక్క నుంచి కొత్త ఆయిలు ఎక్కిస్తుంటే ఇంకో పక్క నుంచి పాతది మొత్తం బయటికొచ్చేస్తుంది. ఒక్క పూటలో పని అయిపోతుంది. ఈ షెడ్డులో మిషను లేదు, పెద్ద వర్క్‌షాపులో ఉంది. రెండోది, కింద బోల్టు విప్పి కారేంత కారనివ్వడం. అలా కారిస్తే సగం కూడా రాదు, మిగతాది లోపలి సందుల్లోనే ఉండిపోతుంది. వచ్చినంత మేరకు కొత్తది పోసి, కొన్నాళ్ళు నడిపి, మళ్ళీ కార్చి, మళ్ళీ పోయాలి. మూడుసార్లు చేస్తే చాలావరకు కొత్తదవుతుంది. మూడోది, ఏమీ ముట్టుకోకుండా వదిలేయడం.

ముట్టుకోకుండా ఎందుకు వదిలేస్తారని ఆమె అడిగింది. గేరుబాక్సు లోపల ఒకదాన్నొకటి పట్టుకుని తిరిగే పలకలుంటాయని ఆయన చెప్పాడు. ఏళ్ళ తరబడి అవి అరిగి రాలిన పొడి ఆయిల్లోనే ఉంటుంది. పలకలు బాగా అరిగిపోయిన బండ్లలో ఒక్కోసారి ఆ పొడే పట్టు ఇస్తుందంటారు. దాన్ని ఒక్కసారిగా కడిగేస్తే పలకలు జారిపోయి, బండి అసలు కదలకుండా పోయినవీ ఉన్నాయి. కడిగాక హాయిగా నడిచినవీ ఉన్నాయి. లోపల ఎంత అరిగిందో విప్పి చూస్తే తప్ప తెలియదు.

"మీరైతే ఏం చేస్తారు?" అందామె.

ఆయన గుడ్డ మడత పెట్టాడు. "నాది కాదు కదమ్మా బండి. రేపు ఏదన్నా అయితే నా మాట విని చెడగొట్టుకున్నామని మీకుంటుంది, నేను చెప్పబట్టే చెడిందని నాకుంటుంది. మీరే ఆలోచించుకుని చెప్పండి. తొందరేం లేదు. నాలుగు రోజులు ఆగినా ఇలాగే ఎగురుతుంది."

ఆలోచిస్తానని చెప్పి ఆమె కారు ఎక్కింది. ఇంటికొచ్చి తమ్ముడికి ఫోను చేసింది. తమ్ముడు భార్యాపిల్లలతో ఊరికి అవతలి చివర ఉంటాడు. అంతా విని, ఆ డొక్కును ఇంకా పట్టుకు వేలాడుతున్నావా అక్కా, అమ్మేసి చిన్నది కొనుక్కో అన్నాడు. బ్యాంకావిడ వాళ్ళాయన ఆ కంపెనీ పుస్తకం తిరగేసి, ఈ ఆయిలు బండి ఉన్నంతకాలం మార్చనక్కర్లేదని రాసి ఉందని కబురు పంపాడు. సాయంత్రం శిష్యురాలొకావిడ, తన మరిది బండికి మిషను పెట్టిస్తే పువ్వులా నడుస్తోందంది. ఇంకొకావిడ, తన అన్నయ్య బండికి మిషను పెట్టిస్తే రోడ్డు మధ్యలో చతికిలపడిందంది. ప్రతివాళ్ళకూ తమ మాట మీద గట్టి నమ్మకం ఉంది. ఆమెకు మాత్రం అక్క ఉంటే ఏం చేసేదన్న ఆలోచన తప్ప ఇంకోటి రాలేదు. ఎంత ఆలోచించినా అక్క గొంతు ఏ మాటా చెప్పలేదు.

చివరికి ఒక్క పూటలో తేలిపోయేదే మేలనుకుని పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్ళింది. అక్కడ చల్లటి అద్దాల గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. అద్దంలోంచి చూస్తుంటే కారును లిఫ్టు మీద మనిషెత్తుకు లేపారు. ఇన్నేళ్ళలో ఆ కారు అడుగు భాగం చూడటం ఆమెకు అదే మొదటిసారి. మట్టి పేరుకుని, తుప్పు పట్టి, ఒక చోట నూనె చెమ్మతో, చక్రాలు గాలిలో వేలాడేసుకుని ఉంది. నలుగురిలో బట్ట తొలగిన మనిషిని చూసినట్టనిపించి ఆమె కళ్ళు దించుకుంది.

మిషను నడిపే అతను లోపలికొచ్చాడు. నెమ్మదస్తుడిలాగే ఉన్నాడు. ఆయిలు ఎప్పుడు మార్చారని అతనూ అదే అడిగాడు. తెలియదంది. ఇంట్లో ఎవరికైనా తెలుస్తుందేమో ఫోను చేసి కనుక్కోమన్నాడు.

"ఇంట్లో ఎవరూ లేరు" అందామె.

ఆ మాట ఆమె అంతకుముందు ఎన్నడూ పైకి అనలేదు. అవసరం రాలేదు. అతను దాన్ని మామూలు మాటగానే విని తలూపాడు. చరిత్ర తెలియని బండికి మిషను పెడితే తర్వాత ఏం జరిగినా తమ పూచీ ఉండదని, అయినా పెట్టమంటే పెడతానని మర్యాదగా చెప్పి, మీ నిర్ణయమే అన్నాడు. నిలబడి ఎదురుచూశాడు. ఆ ప్రశ్నను తోసెయ్యడానికి ఈసారి పక్కన మంచం లేదు.

ఆమె కాఫీ కప్పు కింద పెట్టింది. "కిందికి దింపండి" అంది. "నేను మెల్లగానే చేయించుకుంటాను."

ఎందుకలా అన్నదో ఆమెకే పూర్తిగా తెలియదు. మెల్లగా అన్నది ఊతపదం కాబట్టి నోటికి అదే వచ్చిందేమో. కానీ అక్కడి నుంచి షెడ్డు దాకా నడుపుకుంటూ వస్తున్నంతసేపూ ఆ మాటను వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

షెడ్డాయన కింద బోల్టు విప్పాడు. నల్లటి ఆయిలు తాడులా జారి, తర్వాత దారంలా సన్నబడి, చుక్కలైంది. పళ్ళెంలా ఉండే అడుగు రేకును కూడా ఊడదీసి, అందులో ఉండే అయస్కాంతం ముక్కలు తెచ్చి ఆమెకు చూపించాడు. వాటికి కాటుకలాంటి బూడిదరంగు ముద్ద పట్టుకుని ఉంది. వేళ్ళ మధ్య రుద్దాడు. పెంకులూ ముక్కలూ తగిలితే ఆశ వదులుకోవాల్సిందేనని, ఇది మెత్తటి పొడే కాబట్టి ఇంకా బతుకుందని అన్నాడు. జల్లెడలాంటిది ఒకటి కొత్తది వేసి, రేకు బిగించి, ఎర్రటి ఆయిలు పోశాడు.

తర్వాత షరతు చెప్పాడు. కొత్త ఆయిలు లోపల కలవాలంటే బండిని రోజూ కాస్త దూరం నడపాలి. ఒకే వేగంతో, కుదుపులు లేకుండా, అన్ని గేర్లూ పడేలా. నేర్చుకునేవాళ్ళ చేతికి ఇవ్వకూడదు. వారం పోయాక మళ్ళీ తీసుకురావాలి. అలా మూడు విడతలు. ఈ విడతలు పూర్తయ్యేదాకా బడి బందు.

శిష్యురాళ్ళందరికీ ఫోను చేసి చెప్పింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. మర్నాడు పొద్దున కిందికి దిగి, అలవాటు కొద్దీ పక్క సీటు వైపు తలుపు తీసి కూర్చుంది. కూర్చున్నాక తెలిసింది. దిగి, చుట్టూ తిరిగి, స్టీరింగు వైపు ఎక్కింది. ఆ సీటు ఎవరెవరి పొడుగుకో తగ్గట్టు జరిగి జరిగి ఉంది, ఆమె కాలు అందలేదు. ముందుకు లాక్కుంది. అద్దాలు దిద్దుకుంది. బ్రేకు తొక్కి గేరు కర్రను డి మీదికి లాగింది. కారు కొంచెం ఆలోచించి, ముందున్నంత గట్టిగా కాకపోయినా ఒక్క కుదుపు కుదిపి కదిలింది.

గేటు దాటి రోడ్డెక్కాక ఎటు తిప్పాలో తోచలేదు. ఎక్కడికి వెళ్ళాలో ఎప్పుడూ శిష్యురాళ్ళ సామర్థ్యాన్ని బట్టి ఉండేది. అంతకుముందు అక్క చెప్పేది. పేటలో సగం మంది ఆడవాళ్ళకు ఎక్కడికంటే అక్కడికి వెళ్ళడం నేర్పిన మనిషి, కూడలిలో ఇండికేటరు వెయ్యకుండా నిలబడిపోయింది. వెనక ఆటోవాడు హారను కొట్టాడు. ఎడమకి తిప్పింది. బైపాసు ఎక్కింది. పక్క సీటులో తన చేతిసంచీ తప్ప ఏమీ లేదు. బ్రిడ్జి దగ్గరికి రాగానే చేతులు వాటంతటవే వెనక్కి తిప్పేశాయి.

ఇలా రోడ్లు కొలవడం కన్నా ఎవరింటికైనా వెళ్ళవచ్చు కదా అని మూడో రోజు తోచింది. చివరి రోజున రెండు చేతులూ పట్టుకుని, మా ఇంటికి తప్పకుండా రావాలి మేడమ్, రాకపోతే ఊరుకోను అన్న శిష్యురాలొకావిడ గుర్తొచ్చింది. ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఆవిడ తలుపు తీసి, కాసేపు పోల్చుకోలేక, గొంతు విన్నాక "అరె, మీరా మేడమ్" అని లోపలికి పిలిచింది. టీ ఇచ్చింది. పిల్లలను పిలిచి, నాకు కారు నేర్పింది ఈవిడే అని చెప్పింది. పిల్లలు నమస్తే చెప్పి వెళ్ళిపోయారు. తర్వాత ఇద్దరికీ మాటలు దొరకలేదు. ఎదురెదురుగా కూర్చుని మొహాలు చూసుకోవడం ఇద్దరికీ కొత్త. ఆవిడ రెండుసార్లు గడియారం చూసి, ఏమన్నా పని మీద వచ్చారా అని మెల్లగా అడిగింది. ఇటు వెళ్తూ ఆగానని చెప్పి బ్రేకమ్మ లేచింది.

తమ్ముడింటికి వెళ్తే తమ్ముడు గేటు దగ్గరికే ఎదురొచ్చాడు. మొహంలో కంగారు. "ఏమైందక్కా? ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు. ఏమీ కాలేదని, కారుకు ఆయిలు మార్చామని, నడపమన్నారని చెప్పింది. తమ్ముడి భార్య పిల్లల పరీక్షల హడావిడిలో ఉంది. అయినా మర్యాద తప్పలేదు. ఉండి భోంచేసి వెళ్ళు వదినా అంది. ఆమె ఉండలేదు. కారణం లేకుండా వస్తే మనుషులు భయపడతారని ఆ రోజు తెలుసుకుంది. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్కన కాసేపు కారు ఆపుకుంది. ఏడవలేదు. వైపర్లు ఒకసారి వేసి చూసింది, వాన లేకపోయినా.

కింది వాటాలో ఇంటి యజమానురాలు ఉంటుంది. ఆవిడను బ్రేకమ్మ పిన్నిగారు అంటుంది. భర్త పోయాడు, కూతురు వేరే ఊళ్ళో. ఇన్నేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్య మంచినీళ్ళ మోటారు గురించి, గేటు గొళ్ళెం గురించి తప్ప మాటలు లేవు. రెండో విడత ఆయిలు మార్చిన మర్నాడు పిన్నిగారు గేటు దగ్గర ఆటో కోసం నిలబడి ఉంది. కళ్ళాసుపత్రికి వెళ్ళాలట. శుక్లాలు. ఎటూ బండి నడపాల్సిందే, దింపుతాను రమ్మంది బ్రేకమ్మ.

పిన్నిగారు వచ్చి వెనక సీటులో కూర్చుంది. దోవంతా టాక్సీవాడితో చెప్పినట్టు, ఇక్కడ కుడికి, అదిగో ఆ గేటు అంటూ చెప్పింది. దిగబోతూ తలుపు ఎలా తీయాలో తెలియక అద్దం దించింది. తిరిగొచ్చేటప్పుడు కూడా వెనకే. అయినా అద్దంలో ఒక మనిషి తల కనిపిస్తూ ఉండటం బ్రేకమ్మకు హాయిగా అనిపించింది. మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారని తనే అడిగింది. ఎల్లుండి, పరీక్షలకు.

చెప్పిన రోజున పిన్నిగారు, మొన్న వెనక కూర్చుంటే కళ్ళు తిరిగాయని ముందుకొచ్చి కూర్చుంది. తలుపు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుంది. కాసేపటికి ఒక చెయ్యి వదిలింది. ఆసుపత్రి నుంచి తిరిగి వస్తుంటే, కళ్ళలో మందు వేసినందువల్ల ఏమీ కనబడక కళ్ళు మూసుకుని, తల వెనక్కి ఆనించి, అప్పుడు మాట్లాడింది.

"మీ అక్క ఉన్నప్పుడు మీ ఇద్దరి మాటలూ నాకు కింద వినబడేవమ్మాయ్. ఏం మాట్లాడుకునేవారో తెలిసేది కాదు గానీ నవ్వులు తెలిసేవి. నేను టీవీ తగ్గించుకునేదాన్ని."

బ్రేకమ్మ రోడ్డు చూస్తోంది.

"ఇప్పుడు అడుగుల చప్పుడొక్కటే. వంటింట్లోంచి గదిలోకి, గదిలోంచి వంటింట్లోకి. ఆ అడుగులు ఆగిపోతే పైకొచ్చి చూద్దామనుకునేదాన్ని. అవి ఆగేవి కావు. అందుకే రాలేదు."

ఆమె కారు వేగం తగ్గించింది. ముందు బండి ఏదీ అడ్డం లేదు. ఇంకా కొంచెం దూరమే ఉంది ఇల్లు. తిన్నగా వెళ్ళాల్సిన చోట మలుపు తిప్పి, మార్కెట్టు చుట్టూ తీసుకొచ్చింది. కళ్ళు మూసుకున్న మనిషికి ఆ సంగతి తెలియదు.

"పిన్నిగారూ, మీ టీవీ చప్పుడు నాకూ పైకి వినబడుతుంది" అంది చివరికి.

"పెంచమంటావా?" అంది పిన్నిగారు.

మూడో విడతకు షెడ్డుకు వెళ్తే కారిన ఆయిలులో ఎరుపు కనిపించింది. పూర్తి ఎరుపు కాదు. తేనెలో కుంకుమ కలిసినట్టుంది. పోయాల్సింది పోశాక షెడ్డాయన పక్క సీటులో కూర్చుని, ఒక రౌండు నడపమన్నాడు. దారిలో ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు. గేరు కర్ర మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు సగం మూసి, గేరు మారిన ప్రతిసారీ చిన్నగా తలూపుతూ వచ్చాడు. ఎదుటి మనిషి మౌనంగా ఉన్నా పక్కనుంటే అదీ ఒక మాటలాగే ఉంటుందనిపించింది ఆమెకు. షెడ్డు ముందు ఆపాక, ఎగరడం పోయిందని, పొద్దున చలిలో మాత్రం కొంచెం తటపటాయిస్తుందని, అది ఇక పోదని చెప్పాడు. నేర్చుకునేవాళ్ళకు ఇవ్వవచ్చన్నాడు.

"మిషను పెట్టించి ఉంటే ఇంకా బాగయ్యేదా?" అని అడిగిందామె. తెలుసుకోవాలని నిజంగానే అడిగింది.

"ఏమో అమ్మా. ఒకే బండికి రెండూ చేసి చూడలేం కదా" అన్నాడాయన, చేతులకు సబ్బు రాసుకుంటూ.

బడి మళ్ళీ మొదలైంది. బ్యాంకావిడ వచ్చి, రెండు వారాల్లో అంతా మర్చిపోయానని భయపడింది గానీ రెండో రోజుకే చెయ్యి కుదిరింది. తొలి గేరు పడేటప్పుడు కారు ఒక్క లిప్త ఆగి కదిలేది. శిష్యురాళ్ళెవరూ దాన్ని గుర్తుపట్టలేదు. బ్రేకమ్మకు ఒక్కదానికే తెలుసు. బ్యాంకావిడ నేర్చుకోవడం అయిపోయి వెళ్ళిపోయింది. ఆవిడ స్థానంలో ఇంకొకావిడ వచ్చింది, భర్తకు పక్షవాతం వచ్చి, ఆయన్ను తిప్పడం కోసం. అందరూ ఏదో ఒక చోటికి వెళ్ళడానికే వచ్చేవారు, నేర్చుకున్నాక అక్కడికి వెళ్ళిపోయేవారు.

పిన్నిగారికి రెండు కళ్ళకూ ఆపరేషనయింది. రెండుసార్లూ బ్రేకమ్మే తీసుకెళ్ళి, బయట బెంచీ మీద కూర్చుని, తీసుకొచ్చింది. కట్టు విప్పిన రోజు పిన్నిగారు కారులో ఆమె మొహంలోకి బాగా చూసి, "నువ్వు ఇలా ఉంటావా" అంది ఆశ్చర్యంగా. ఆ తర్వాత కొన్నాళ్ళకే కూతురు వచ్చి, కొంతకాలం మా దగ్గర ఉండమంటూ తల్లిని తీసుకెళ్ళింది. కింది వాటాకు తాళం పడింది. గేటు గొళ్ళెం వేసే పని మళ్ళీ ఒకరిదే అయింది.

శిష్యురాళ్ళు రాని ఆదివారం మధ్యాహ్నాలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండేవి. ఒక ఆదివారం ఆమె స్టీరింగు వైపు ఎక్కి, బైపాసు మీదికి వెళ్ళి, బ్రిడ్జి దగ్గర వెనక్కి తిప్పకుండా దాటేసింది. అవతల ఏముందో ఇన్నేళ్ళూ చూడలేదు. గొప్పగా ఏమీ లేదు. రెండు ఇటుకల బట్టీలు, లారీలు ఆగే పాక ఒకటి, తర్వాత ఖాళీ నేల. పాక దగ్గర టీ తాగింది. లారీ డ్రైవర్లు ఆమెనూ, కారు పైనున్న డ్రైవింగు బడి బోర్డునూ, ఖాళీగా ఉన్న పక్క సీటునూ చూసి, శిష్యులు ఏరీ అని ఒకరు సరదాగా అడిగారు. ఇవాళ సెలవని చెప్పింది. ఎండ తగ్గేదాకా కూర్చుని, వచ్చిన దారినే ఇంటికొచ్చింది. మరుసటి ఆదివారం ఇంకాస్త దూరం వెళ్ళింది. అలవాటైంది.

పిన్నిగారు తిరిగి రాలేదు గానీ అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. కూతురి ఇంట్లో అందరూ ఎవరి పనుల్లో వాళ్ళుంటారని, బాగానే చూసుకుంటున్నారని చెబుతుంది. ఆ తర్వాత ఇద్దరికీ చటుక్కున మాటలు దొరకవు. అప్పుడు పిన్నిగారు, కారెలా ఉందని అడుగుతుంది. పొద్దున చలికి తటపటాయిస్తోందా, షెడ్డాయన ఏమన్నాడు, ఆయిలు రంగు చూశావా అని ఒక్కొక్కటీ అడుగుతుంది. బ్రేకమ్మ ఒక్కొక్కదానికీ జవాబు చెబుతుంది. కిందటిసారి మర్చిపోయిన సంగతులు కూడా కలిపి, తొందరపడకుండా, వీలైనంత వివరంగా చెబుతుంది.